నీళ్ళలో నిలబడ్డ దాలమ్మ

మన తాతల తాతలకి ఇంకా మీసాలు మొలవని కాలంలో సముద్రం ఒడ్డున ఓ రేవుండేది. ఇప్పుడు పాతరేవు అంటున్నామే, అదే. అప్పటికది కొత్తది లెండి. ఆ రేవు మెట్ల మీదే సంత. ఉప్పువాళ్ళు, తాళ్ళవాళ్ళు, కుండలవాళ్ళు, ఎవరి మెట్టు వాళ్ళది. కొత్తమనిషి వచ్చి కూర్చుంటానంటే, అమ్మో, పెద్ద రభస!

ఆ సంతకి వచ్చింది దాలమ్మ. మొగుడు సముద్రంలో పోయాడు. ఇంట్లో కళ్ళు కనపడని అత్త. ఉన్నదల్లా ఓ గంప, దాన్నిండా ఉడకబెట్టిన చిలగడదుంపలు.

"ఇయాల కూడా అమ్ముడుపోకపోతే రేపు ఇద్దరం సత్రం కాడికెల్లి సెయ్యి సాపుదామే దాలీ," అంది అత్త, ఆ పొద్దున దాలమ్మ ఇంట్లోంచి బయల్దేరుతుంటే.

"సెయ్యి సాపను. అమ్ముకొస్తాను," అంది దాలమ్మ.

ఉప్పువాళ్ళ పక్కన కూర్చుంది. "లెగు లెగు, ఇది మా తాత సోటు," అన్నారు. లేచింది. తాళ్ళవాళ్ళ పక్కన కూర్చుంది. "లెగు లెగు, ఇది మా మావ సోటు," అన్నారు. లేచింది. కుండలవాళ్ళ పక్కన చోటు ఖాళీగానే ఉంది. అక్కడ కూర్చుంది. "లెగు లెగు, మా బావొస్తాడు," అన్నారు. ఆ బావ ఇప్పటిదాకా రాలేదు, చూసుకోండి!

దాలమ్మకి ఒళ్ళు మండిపోయింది. నేరుగా సంతపెద్ద జగ్గప్ప ముందుకెళ్ళి నిలబడింది.

"బాబూ, నాను కూకోడానికి సోటు సూపించండి."

జగ్గప్ప మీసం మెలేశాడు. "మెట్ల మీద సోటు నేదు. అవిగో నీళ్ళు! అక్కడ నిన్ను లెగమనేవోడు ఎవుడూ ఉండడు. ఎల్లి కూకో."

సంతంతా పగలబడి నవ్వింది.

"మంచిది బాబూ," అంది దాలమ్మ. చీర ఎగ్గట్టుకుంది. మెట్లన్నీ దిగి నీళ్ళలోకి పోయి నిలబడింది.

పోటు మొదలైంది. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. "వచ్చెయ్యవే," అన్నారు ఉప్పువాళ్ళు. "నాను రాను." గంప చంకకెత్తుకుంది.

నీళ్ళు నడుముకొచ్చాయి. "వచ్చెయ్యవే," అన్నారు తాళ్ళవాళ్ళు. "నాను రాను." గంప తలకెత్తుకుంది.

నీళ్ళు గుండెలకొచ్చాయి. ఇప్పుడెవరూ నవ్వడం లేదు. కుండలవాళ్ళ ముసలమ్మ లబోదిబోమంది. "బావా లేడు, గీవా లేడు! మా పక్కనే కూకో, వచ్చెయ్యవే తల్లీ!"

దాలమ్మకి భయం వేసింది. వెయ్యకేం, మనిషే కదా. కాళ్ళ కింద ఇసక జారిపోతోంది. అయినా అదే మాట. "నాను రాను. ఇది సంతపెద్ద సూపించిన సోటు."

పడవలు రేవులోకి వచ్చేది పోటు మీదే కదా. ముందొచ్చిన పడవ నడిపే తండేలు ఆమెని చూసి హడలిపోయాడు.

"ఏటమ్మా, మునిగిపోతన్నావా?"

"నేదు బాబూ, అమ్ముకుంటన్నాను. దుంపలు కావాలేటి?"

సముద్రం మీద చద్దికూడు తిని తిని నోరు చచ్చిపోయిన మనుషులు. తియ్యటి దుంపలు చూస్తే ఊరుకుంటారా? మొదటి పడవ కొంది. రెండో పడవ కొంది. మూడో పడవ గంప దులిపేసింది.

ఇంటికెళ్ళి గంప అత్త చేతిలో పెట్టింది. అత్త అడుగుదాకా తడిమి చూసింది. ఒక్క దుంపా తగల్లేదు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, సంతోషంతోనే.

మర్నాడూ నీళ్ళలోనే. ఆ మర్నాడూ నీళ్ళలోనే. రానురాను పడవలవాళ్ళు దాలమ్మ దగ్గరే ఆగి, దుంపలు తింటూ అక్కడే చేపలు అమ్మెయ్యడం మొదలుపెట్టారు. కొనేవాళ్ళూ నీళ్ళలోకే దిగారు. పైమెట్లు బోసిపోయాయి. అప్పుడు పడింది జగ్గప్ప గుండెల్లో రాయి!

మనిషిని పంపాడు. "పెద్ద నిన్ను పైకి రమ్మంటన్నాడు."

"నాను రాను. ఆయన్నే రమ్మను."

రెండోసారి తనే ఆఖరి మెట్టు దాకా వచ్చి పిలిచాడు.

"నాను రాను. దిగండి బాబూ, ఇంకొంచెం దిగండి."

మూడోసారి పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగాడు. సంతపెద్ద నడుం దాకా తడిశాడు. "ఏ మెట్టు కావాలో కోరుకో తల్లీ," అన్నాడు.

"నాకొద్దు బాబూ. నాకు సోటుంది. రేపు ఇంకో ఆడకూతురు గంపెత్తుకొస్తాది. దానికి ఆఖరి మెట్టు ఇడిసిపెట్టాల. కొత్తమనిషి ఎవురొచ్చినా తమరే ఇలాగ నీళ్ళలోకి దిగి, తమ సేత్తో బోణీ సెయ్యాల. అప్పుడే పైనోళ్ళు మూట ఇప్పాల. ఒప్పుకుంటారా?"

ఒప్పుకోక చస్తాడా! సంతంతా చూస్తుండగా ఒప్పుకున్నాడు.

దాలమ్మ పోయి ఎన్ని తరాలైందో. ఈనాటికీ పాతరేవు సంతలో ఆఖరి మెట్టు కొత్తవాళ్ళదే. ఎవరైనా అక్కడ గంప దించితే చాలు, సంతపెద్ద ఎంత గొప్పవాడైనా పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగి బోణీ చెయ్యాలి. ఆయన తడిసేదాకా పైన ఒక్క మూటా విప్పరు. ఆయన చీలమండల దగ్గరే ఆగిపోయాడా, ముసలీ ముతకా పిల్లా జెల్లా సంతంతా ఒక్క గొంతుతో అరుస్తారు:

"దిగండి బాబూ, ఇంకొంచెం దిగండి!"