ఉరుకుందమ్మ ఫోను ఇవ్వలేదు

జిలానీకి ఆ పిల్ల మీద ఒళ్ళు మండిపోయింది.

ఆదోనిలో ఓ చిన్న దర్గా. అక్కడి పెద్దాయన ఖలందర్ సాహెబు. ఆయన శిష్యుడు జిలానీ, పత్తి మిల్లులో గుమాస్తా పని వదిలేసి వచ్చినవాడు. ఆదివారం వచ్చిందంటే కాలేజీ పిల్లల్ని దర్గా వరండాలో కూర్చోబెట్టి, డబ్బు ఎట్లా వాడుకోవాలో నేర్పేవాడు. లోన్ యాప్‌ల జోలికి పోవద్దనేవాడు. చేతిలో ఉన్నదాంతో నెల ఎట్లా గడుపుకోవాలో చూపించేవాడు. ఫీజు కట్టలేనివాళ్ళకి దర్గా సొమ్ములోంచి సాయం కూడా ఇప్పించేవాడు. మంచి పనే, ఎవరు కాదన్నారు?

కానీ ఒక మెలిక పెట్టాడు మహానుభావుడు. సాయం కావలసినవాళ్ళు తమ ఫోను అతని చేతికివ్వాలి. పోయిన నెల దేనికెంత ఖర్చు పెట్టారో అతను అందరి ముందూ పైకి చదువుతాడు. “బిర్యానీ నూట ఎనభై. ఓయబ్బో, మళ్ళీ బిర్యానీ!” అనగానే వరండా అంతా ఘొల్లుమనేది. ఆ పిల్లవాడు తలొంచుకుని డబ్బు తీసుకుపోయేవాడు. సిగ్గుపడితేనే బుద్ధొస్తుందని జిలానీ నమ్మకం.

ఆ ఆదివారం డిగ్రీ రెండో ఏడు చదివే ఉరుకుందమ్మ లేచి నిలబడింది. పరీక్ష ఫీజుకి మర్నాడే ఆఖరు. కట్టకపోతే ఏడాది పోయినట్టే.

“ఫోనియ్యి” అన్నాడు జిలానీ చెయ్యి చాపి.

“ఇయ్యను.”

“అయితే డబ్బూ లేదు.”

“లేకుంటే మానె. నేను ఫీజు అడిగినా. నా బతుకు చదివి నవ్వమని అడగలే. అన్నా, నీకొక్కనికైతే చెప్తా. వీళ్ళందరి ముందర నా చదువు పోయినా చెప్పను.”

నవ్వబోయిన పిల్లలు నోళ్ళు మూసుకున్నారు.

జిలానీ విసవిసా లోపలికి పోయాడు. సాహెబు అప్పుడే అన్నానికి కూర్చోబోతున్నాడు.

“చూడండి బాబా, సాయం చేస్తామంటే తల ఎగరేస్తుంది! చెయ్యి చాపేటోళ్ళకి అంత పొగరేంది?”

సాహెబు జొన్నరొట్టె, పప్పు ఉన్న తన కంచం తనే పట్టుకుని వరండాలోకొచ్చి, పిల్లల మధ్య చాప మీద కూర్చున్నాడు. రొట్టె మాత్రం ముట్టలేదు.

“నేను తినేదీ జనం ఇచ్చిందే కదా బేటా. నా ఖర్చుల పుస్తకం నీ దగ్గరే ఉంది. తెచ్చి పోయిన నెలది చదువు. గట్టిగా చదువు, అందరూ వినాల. అది అయినాకే తింటా.”

ఇదేదో సరదాగానే ఉందనుకుని, అందులో ఏముందో తలుచుకోకుండానే జిలానీ పుస్తకం తెచ్చాడు. “కిళ్ళీలోకి జరదా, నలభై. కళ్ళజోడు రిపేరు, అరవై.” పిల్లలు ముసిముసిగా నవ్వారు. సాహెబూ నవ్వాడు.

మూడో పద్దు దగ్గర జిలానీ ఆగిపోయాడు. అది జైల్లో ఉన్న కొడుక్కి సాహెబు పంపిన డబ్బు. నెలనెలా పోయి ఇచ్చొచ్చేది జిలానీయే. వాళ్ళిద్దరికీ తప్ప ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. కొడుకెక్కడని ఎవరైనా అడిగితే సాహెబు మాట మార్చేసేవాడు.

“ఆగినావేం? చదువు.”

“బాబా...”

“చదువు. వీళ్ళంతా వినాల.”

జిలానీ పుస్తకం టప్పున మూసేశాడు. దాన్ని గుండెలకి అదుముకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నన్ను చంపినా చదవను. మీరు పస్తున్నా సరే, నన్ను దర్గాలోంచి ఎళ్ళగొట్టినా సరే. చదవను!”

సాహెబు అతన్ని ఎగాదిగా చూశాడు.

“ఇంత పొగరు నీకెక్కడిదిరా?”

ఉరుకుందమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉంది. జిలానీ ఆమె వైపు చూడలేకపోయాడు. తర్వాత లోపలికి పోయి ఫీజు డబ్బు తెచ్చి, రెండు చేతులతో ఆమెకిచ్చాడు. ఫోను మాటే ఎత్తలేదు.

“మొండోళ్ళిద్దరూ వచ్చి నా పక్కన కూచోండి” అన్నాడు సాహెబు, రొట్టె తుంచుతూ.