ఏనుగు మేత పద్దు

తుంగపాడులో ఊరి సొమ్ము మీద పెత్తనం నరసింగ నాయకుడిది. జమాఖర్చులు రాసేది ఓబులేసు. ఒకనాడు నాయకుడు అతణ్ణి పిలిచి, ఊరి ఏనుగు మేతకి వెయ్యి వరహాలు ఖర్చు రాయమన్నాడు.

"మన ఊళ్లో ఏనుగు లేదు కదండీ."

"ఖర్చుంది కదా. రాస్తావా, నీ పని మా బావమరిదికి ఇచ్చెయ్యమంటావా?"

ఓబులేసు బుద్ధిగా రాశాడు.

ఏడాది చివర రాజుగారి తనిఖీదారు వచ్చి పద్దులు చదివించుకున్నాడు. ఏనుగు మేతకి తలూపాడు. ఓబులేసు ఆగకుండా కింది పద్దు చదివాడు. "ఏనుగు లద్దె రెండు వందల బండ్లు. ఆనవాయితీ ప్రకారం రాజుగారి పూలతోటకి ఎరువుగా చేరాలి. ప్రస్తుతం నాయకుడిగారి దగ్గర నిల్వ ఉంది."

తనిఖీదారు ముఖం వికసించింది. "ఎరువు లేక మల్లెలు మాడిపోతున్నాయయ్యా. రేపే బండ్లు పంపిస్తాను."

నాయకుడు చప్పున అడ్డొచ్చాడు. "లద్దె లేదండీ. దానికి మలబద్ధకం."

"ఏడాది పొడుగునా?"

"మొండి జబ్బండీ."

తనిఖీదారు గబుక్కున లేచి నిలబడ్డాడు. "ఏడాది మేతా కడుపులోనే ఉందా? ఇంతకీ ఎక్కడ కట్టేశారు దాన్ని?"

"కట్టెయ్యలేదు దొరా," అన్నాడు ఓబులేసు, నాయకుడి బొజ్జ వైపు చూస్తూ. "మీ పక్కనే కూచుంది."

నాయకుడు కండువాతో బొజ్జ కప్పుకున్నాడు. పొద్దుగూకే లోపల వెయ్యి వరహాలూ ఖజానాకి తిరిగొచ్చాయి.

ఓబులేసు వాటిని జమకట్టి, పక్కన కారణం రాశాడు: "ఏనుగుకి సుఖ విరేచనమైనది."