మొసలి నోట్లో ఆగిన కథ

రత్నగిరి సంస్థానంలో ఏ జాతరకైనా మేళాలు కుదిర్చేది రంగప్పే. ఆయన ద్వారా తాంబూలం అందనిదే ఎవరూ పూర్తి ఆట ఆడకూడదన్న కట్టుబాటు కూడా ఆయనదే. బుర్రకథ చెప్పే నూకాలు తన ఇద్దరు వంతపాటగాళ్లతో ఆయన అరుగు దగ్గరికి వెళ్లింది.

"ఒక్క కథ వినండయ్యా."

"నిన్నెవరడిగారని వినాలి? పదిమంది నీ పేరు చెప్పి నా గుమ్మం తొక్కిననాడు రా!" అని రంగప్ప మీసం దువ్వుకున్నాడు.

నూకాలు నేరుగా సంతకెళ్లి, ఉల్లిపాయల బస్తాల మధ్య కథ ఎత్తుకుంది. రాకుమారి ఏట్లో పడింది, మొసలి వచ్చి కాలు పట్టుకుంది. అంతే, నూకాలు తంబూరా దించేసింది.

"తర్వాతేమయిందే?" అని జనం గోలపెట్టారు.

"చెప్పాలనే ఉంది. తాంబూలం లేనిదే పూర్తి చెయ్యకూడదట. రంగప్పగారినే అడగండి."

మర్నాడు తెల్లారేసరికి రంగప్ప అరుగు నిండా జనమే. ఉల్లిపాయల వాళ్లు, చాకళ్లు, ఆఖరికి దివాణం వంటవాడు కూడా వచ్చి, మొసలి దాకా కథంతా చెప్పి మరీ నిలదీశారు. సాయంత్రానికి సర్దిచెప్పి సర్దిచెప్పి అలిసిపోయిన రంగప్ప నూకాలుకి కబురు పెట్టాడు.

"ఆరు ఊళ్ల జాతర్లు నీకే కుదిర్చాను, చాలా?" అని, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంతకీ ఆ పిల్ల బతికిందా?"

నూకాలు వినయంగా చేతులు కట్టుకుంది. "తాంబూలం ఏదయ్యా?"

పుట్టి బుద్ధెరిగి ఇంకొకరిచేత ఇప్పించడమేగాని తను ఇచ్చి ఎరగని రంగప్ప, తమలపాకులెక్కడున్నాయో పెళ్లాన్ని అడగడానికి లోపలికి పరుగెత్తాడు.