లోపాలు సున్నా

తప్పిపోయిన మనుషుల ఆచూకీ తీసే కాకినాడ సేవాసంస్థ ఒకదానిలో, ఈ పూటకు నడిస్తే చాలు అనుకునే చక్రపాణి అనే ప్రోగ్రామర్ ఉండేవాడు. తెలివికి లోటు లేదు. చేతివేగం కూడా ఎక్కువే. నలుగురూ రోజంతా కూర్చుని చేసే పనిని భోజనాల వేళకే ముగించి, కుర్చీ వెనక్కి వాల్చి, "అయిపోయిందండీ, చూసుకోండి" అనేవాడు.

ఆ సంస్థ పని ఇలా సాగేది. దిక్కు తెలియక తమ దగ్గరికి చేరిన మనుషుల వివరాలను ఆశ్రమాల వాళ్ళు కంప్యూటర్లో నమోదు చేసేవాళ్ళు. మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళవాళ్ళు తమవాళ్ళ గుర్తులు చెప్పేవాళ్ళు. కంప్యూటరు ఈ రెండింటినీ పోల్చి చూసేది. వయసో, దొరికిన చోటో, ఏదైనా ఒక గడి ఖాళీగా ఉంటే మాత్రం ఆ మనిషి పోలికకే వచ్చేవాడు కాదు. అందుకని ప్రతి సోమవారం లోపాల రిపోర్టు తీసేవాళ్ళు. ఎవరి వివరాల్లో ఏ గడి ఖాళీగా ఉందో అది చెప్పేది. వెంటనే ఆ ఆశ్రమానికి ఫోన్ చేసి గడి నింపేవాళ్ళు. లోపాలు సున్నా అని వచ్చిన సోమవారం చక్రపాణి అందరికీ కాజాలు పంచాలి. అది ఆ ఆఫీసు ఆనవాయితీ.

ఆ ఆఫీసుకు పెద్ద జుబేదా గారు. ఆవిడ ఒకరోజు చక్రపాణిని పిలిచారు.

"ఏమయ్యా, సర్వర్ చిరునామాని ప్రతి రిపోర్టు లోపలా విడివిడిగా రాసేశావేమిటి?"

"లేకపోతే వివరాలు ఎక్కడికెళ్ళి తెచ్చుకోవాలో దానికెలా తెలుస్తుంది మేడమ్?"

"రిపోర్టులో ఒక వేరియబుల్ పెట్టు. దాని విలువ బయట సెట్టింగ్స్‌లో ఒక్కచోట ఉంచు. రేపు సర్వర్ మారితే అక్కడ మారిస్తే చాలు, అన్నీ మారతాయి."

"మన సర్వర్ ఎక్కడికి పోతుంది మేడమ్? పెళ్ళయి అత్తారింటికి పోతుందా?"

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వారు. "నవ్వింది చాలు, మార్చు" అన్నారు. చక్రపాణి తల ఊపాడు. మార్చలేదు.

వేరియబుల్ అనగానే కంగారు పడకండి. మేం కాలేజీలో దాన్నే చరరాశి అని చదువుకున్నాం. మా లెక్కల మాస్టారు బోర్డు మీద ఎక్స్ అని రాసి, "ఇదొక గిన్నెరా. ఇవాళ పప్పు పొయ్యండి, రేపు చారు పొయ్యండి, గిన్నె పేరు మాత్రం అదే" అనేవారు. పాపం ఆయన భోజనప్రియుడు. ఏ లెక్క మొదలుపెట్టినా వంటింట్లోకే చేరేది. క్లాసు అయ్యేసరికి మాకందరికీ ఆకలేసేది. సరే, ఆయన సంగతి చెప్పుకుంటూ పోతే కథ ఇక్కడే ఉండిపోతుంది.

ఆ ఆఫీసుకు సోమవారం సోమవారం నూకరత్నం అనే ఆవిడ వచ్చేది. ఉప్పాడ దగ్గర చేపలు కొని కాకినాడలో అమ్ముకునే మనిషి. ఆమె తమ్ముడు కొండబాబుకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. వలలు బాగుచేయడంలో మాత్రం మంచి పనిమంతుడు. కుడిచేతి మీద పడవ పచ్చబొట్టు ఉండేది. ఒక పెళ్ళికి వెళుతూ ఇద్దరూ సామర్లకోట స్టేషన్లో రైలు మారవలసి వచ్చింది. ఆమె ఇడ్లీలు కొనడానికి అటు తిరిగింది. తిరిగి వచ్చేసరికి అతను ఎదుటి ప్లాట్‌ఫారం మీద ఆగి ఉన్న రైలెక్కేశాడు. ఆ రైలు కదిలిపోయింది. ఆమె ఎంత అరిచినా ఏం లాభం? అతనికి వినపడదు కదా.

అమ్మకం అయ్యాక ఖాళీ తట్టతో వచ్చి, చక్రపాణి బల్ల ఎదురుగా కూర్చునేది.

"మావోడి కబురేమన్నా తెలిసిందాండి బాబూ?"

"ఇంకా లేదక్కా. తెలిస్తే నేనే ఫోన్ చేస్తానుగా. ఇంత ఎండలో ఎందుకొస్తావు?"

"ఫోన్లో లేదంటే లేదనే ఇనపడుద్దండి. ఇక్కడికొచ్చి కూకుంటే వాడి పేరున్న మిషను పక్కనున్నట్టుంటాదండి."

ఒకసారి ఆమె తనంతట తానే చెప్పింది. కొండబాబు సగం బాగుచేసిన వల ఇంటి చూరుకు అలాగే వేలాడుతోందట. పక్కింటివాళ్ళు పూర్తి చేస్తామంటే పోట్లాడిందట. "వాడి ముడి వేరేగా ఉంటాదండి. ఇంకోళ్ళ ముడి పడితే వాడు రాగానే కోప్పడతాడు" అంది.

ఇంతలో సంస్థకు కొత్త సర్వర్ వచ్చింది. మార్చేముందు పాతదాంట్లోని లోపాలన్నీ కష్టపడి దిద్దారు. తర్వాత వివరాలన్నీ కొత్తదాంట్లోకి చేర్చారు. ఎందుకైనా మంచిదని పాతదాన్ని కూడా కొన్నాళ్ళు ఆపకుండా ఉంచారు. ఇక రిపోర్టుల్లో చిరునామా మార్చాలి. చక్రపాణి వాటిని ఒక్కొక్కటే వెతుక్కుంటూ కూర్చోలేదు. ఎవరైనా వచ్చి "ఇందులో కొత్తవాళ్ళ పేర్లు రావడం లేదేమిటి?" అని అడిగితే ఆ రిపోర్టు మార్చాడు. లోపాల రిపోర్టు గురించి ఎవరూ అడగలేదు. ఎందుకడుగుతారు? అది హాయిగా సున్నా చూపిస్తోంది.

మా ఊళ్ళో పోస్టాఫీసు బజారు అవతలికి మారినప్పుడు ఇలాగే జరిగింది. పాత గోడకున్న తపాలా డబ్బాను తీయడం మరిచారు. జనం దాంట్లోనే ఉత్తరాలు వేస్తూ వచ్చారు. డబ్బా అన్నీ మింగింది, ఒక్కటీ చేరవేయలేదు. ఎర్రగా, నిక్షేపంగా గోడకు ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఆఫీసులో వారం వారం కాజాలు పంచారు. నూకరత్నానికీ ఒకటి ఇచ్చారు.

"సున్నా అంటే మంచిదేనాండి బాబూ?"

"మంచిదేనక్కా. ఎక్కడా తప్పుల్లేవని."

"తప్పుల్లేకపోతే మరి మావోడెందుకు దొరకట్లేదండి?"

"దొరుకుతాడక్కా" అన్నాడు చక్రపాణి, కంప్యూటర్ వైపు తిరిగి.

వానలు పోయాయి. చలి కూడా తగ్గుముఖం పట్టింది. ఒకనాడు, కంప్యూటర్ లేని ఆశ్రమాల వివరాలు ఫోన్లో విని నమోదు చేసే అమ్మాయి సెలవు పెట్టింది. ఒక ఆశ్రమం నుంచి ఫోన్ వస్తే చక్రపాణే ఎత్తి, ఒక ముసలాయన వివరాలు రాసుకున్నాడు. ఆయన ఎక్కడ దొరికాడో వాళ్ళకు గుర్తు రాలేదు. "ఖాళీగా వదిలేద్దాం, సోమవారం రిపోర్టు పట్టుకుంటుందిలే" అనుకున్నాడు.

సోమవారం రిపోర్టు తీశాడు. లోపాలు సున్నా.

"కాజాలు తెప్పించవయ్యా" అన్నారు ఎవరో వెనకనుంచి.

చక్రపాణి లేవలేదు. తన చేత్తో తానే వదిలిన ఖాళీ గడి ఏమైంది? రిపోర్టు తెరిచి లోపల చూశాడు. పాత సర్వర్ చిరునామా అక్కడే ఉంది. ఇన్నాళ్ళూ ఆ రిపోర్టు ఎవరూ లేని ఇంటికి వెళ్ళి, అంతా క్షేమమని చెప్పి వస్తోంది. చిరునామా మార్చి మళ్ళీ తీశాడు. పేజీలకు పేజీలు వచ్చాయి.

జుబేదా గారి ముందు నిలబడి జరిగింది చెప్పాడు.

"మీరు ఆరోజే చెప్పారు మేడమ్, నేను..."

"బాధపడటానికి తర్వాత టైము దొరుకుతుంది. ముందు ఫోన్ తీసుకో."

అందరూ ఫోన్లు పట్టుకున్నారు. సాయంత్రానికి చక్రపాణి ఫోను ఒడిశా సరిహద్దులోని ఒక ఆశ్రమానికి చేరింది. అక్కడ వయసు గడి ఖాళీగా ఉన్న మనిషి ఒకడున్నాడు. మాట రాదు. కుడిచేతి మీద పడవ పచ్చబొట్టు.

"వయసెందుకు రాయలేదండీ?" అని అడిగాడు.

"మాట రానివాణ్ణి వయసెలా అడుగుతామండీ? మీరే ఫోన్ చేసి కనుక్కుంటారు కదా అని వదిలేశాం" అంది అక్కడి వార్డెనమ్మ. "పాతికుంటాయి, వేసుకోండి."

చక్రపాణి పాతిక అని కొట్టాడు. తెర మీద నూకరత్నం పేరు వచ్చి నిలిచింది.

మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని తానే బయలుదేరాడు. రైల్లో ఆమె కిటికీ ఊచ పట్టుకుని, ఆగిన ప్రతి స్టేషన్లోనూ ఎదుటి రైలు పెట్టెలన్నీ చూసింది. దొరికాడని తెలిసినా ఆ చూపు మానలేకపోయింది.

ఆశ్రమం గేటు దగ్గర వార్డెనమ్మ ఎదురొచ్చింది. "పోయిన వానాకాలం మొదట్లో వచ్చాడమ్మా. రోజూ సాయంత్రం ఇదిగో, ఈ అరుగు మీద కూర్చుని రోడ్డు చూసేవాడు. అన్నానికి పిలిచినా లేచేవాడు కాదు. చలి మొదలయ్యాక ఇటు రావడం మానేశాడు. ఇప్పుడు గేటు వైపే చూడడు."

వానల ముందే కొత్త సర్వర్ వచ్చింది. చక్రపాణికి అది గుర్తుంది. కొండబాబు ఆ అరుగు మీద కూర్చున్న సాయంత్రాలన్నీ తన బద్ధకం వల్లనేనని కూడా తెలిసింది.

కొండబాబు వంటింటి వెనక చిక్కుళ్ళు ఒలుస్తున్నాడు. నూకరత్నం దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. అతను తలెత్తాడు. ఆమె మొహం తడిమి చూశాడు. ఏడుస్తుంటే ఆమె కళ్ళు తన చేత్తోనే తుడిచాడు. కాసేపటికి చెయ్యి చాచి గేటు చూపించాడు. తర్వాత అరచెయ్యి తిప్పి ఆమెను అడిగాడు. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని.

జవాబు తెలిసిన చక్రపాణి తల దించుకుని నిలబడ్డాడు. దాన్ని కొండబాబుకు సైగల్లో ఎలా చెప్పాలో తెలియలేదు.

తిరిగి రాగానే చక్రపాణి రిపోర్టులన్నీ తెరిచాడు. చిరునామాలన్నీ తీసేసి వేరియబుల్ పెట్టాడు. దాని విలువను సెట్టింగ్స్‌లో ఒక్కచోట, అందరికీ కనపడేలా ఉంచాడు. ఏ సర్వర్‌ని అడిగి చెబుతోందో ప్రతి రిపోర్టూ మొదటి వరుసలోనే చెప్పేలా చేశాడు. ఆ పని చేస్తున్నంతసేపూ ఎవరితోనూ హాస్యాలాడలేదు.

నీతి: మారే అవకాశం ఉన్నదాన్ని పనిలో పలుచోట్ల పాతిపెట్టకుండా, కనిపించే ఒక్కచోట ఉంచుకోవాలి. లేదంటే ఈ పూటకు నడిస్తే చాలనుకునేవాడి బద్ధకాన్ని ఎక్కడో మరొకరు ఎదురుచూపుగా మోయవలసి వస్తుంది.