సుక్రి పోసిన నీళ్ళు

అనగనగా ఒక కొండ. కొండకి ఒక దారి. దారికి మూడు మెలికలు. మీరు ఊ కొడితేనే జీపు కదులుతుంది. కొట్టకపోతే అందరం ఇక్కడే కూర్చుంటాం, నాకేం తొందర లేదు.

ఆ కొండ మీద మూడు ఊళ్ళుండేవి. మూడు ఊళ్ళకీ కలిపి ఒక్క జీపు. అది ఎప్పటి జీపో దానికే తెలియదు. ఏ దొర దగ్గరో పనిచేసి, ఏ కాంట్రాక్టరు దగ్గరో నలిగి, చివరికి కొండెక్కింది. తలుపులు లేవు. హారను లేదు, డ్రైవరే అరిచేవాడు. అయినా కొండ మీద ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరిని పాము కరిచినా, ఎవరికి నొప్పులొచ్చినా దించేది అదే. అది రాకముందు డోలీ ఉండేది. కర్రకి దుప్పటి కట్టి, మనిషిని అందులో పడుకోబెట్టి, ఇద్దరు భుజాన వేసుకుని దిగేవాళ్ళు. అలా దిగినవాళ్ళలో చాలామంది మళ్ళీ ఎక్కలేదు.

జీపు నడిపేవాడి పేరు డొంబురు. మాట తక్కువ మనిషి.

మూడో ఊరి చివర, దారి కిందికి వంగే చోట, సుక్రి ఇల్లు. ముసలిది అనడానికి లేదు, వయసులో ఉందనడానికీ లేదు. మొగుడు పోయాడు. ఒక కూతురు, ఒక తిరగలి, అంతే ఆమె ఆస్తి. ఊళ్ళోవాళ్ళు చోళ్ళు, అదే రాగులు, తెచ్చి ఇస్తే విసిరిపెట్టి, వాళ్ళు పెట్టిన పిండితో బతికేది.

కూతురు మంగ్లి తొలి కాన్పులో బిడ్డ అడ్డం తిరిగింది. హోరున వాన. ఆ వానలోనే డొంబురు జీపు దించాడు. తల్లీ బతికింది, బిడ్డా బతికింది. సుక్రి వాళ్ళమ్మ అలాంటి కాన్పులోనే, రెండో మెలిక దగ్గర, డోలీలో ప్రాణం వదిలింది. అది కళ్ళారా చూసిన పిల్ల సుక్రి. ఇక ఆ జీపంటే ఆమెకి దేవుడితో సమానం.

దేవుడికి ఏమివ్వాలి? ఆమె దగ్గర ఏముంది? నీళ్ళున్నాయి. ఆ రోజు నుంచి జీపు ఎప్పుడు కొండ దిగినా సుక్రి ఇంటి ముందు ఆగేది. ఆమె ముంతెడు పసుపునీళ్ళు తెచ్చి, తన ఇంటివైపున్న ముందు చక్రానికి, లోపలి దాకా తడిసేలా పోసేది. "ఎల్లిరా తల్లీ, ఎలా ఎల్లావో అలా తిరిగిరా" అనేది. ఎండల్లో పోసింది. వానల్లో పోసింది. చలిలో వణుకుతూ పోసింది. ఒక్కసారీ మానలేదు.

ఏళ్ళు గడిచాయి. జీపు స్టీరింగ్ బిగుసుకోవడం మొదలుపెట్టింది.

మంచి బండి అయితే మెలిక తిరిగాక చెయ్యి కాస్త వదులు చేస్తే చాలు, స్టీరింగ్ దానంతటదే మధ్యకి వస్తుంది. ఇది రాదు. తిప్పిన చోటే మొండికేసి కూర్చుంటుంది. డొంబురు సీట్లోంచి లేచి, రెండు చేతులా లాగాలి. లాగితే ఒక్కసారిగా వదిలేసి రెండో పక్కకి దూకుతుంది.

మొదటి మెలికలో జీపు గట్టుకి రాసుకుంది. రెండో మెలికలో సంతకి పోయే కోళ్ళ గంప దొర్లి, కోళ్ళన్నీ అడివిలో పడ్డాయి. మూడో మెలికలో ముందు చక్రం లోయ అంచున ఆగింది. జనం ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని దిగారు.

డొంబురు తాగి నడుపుతున్నాడన్నారు. పెద్దలు వచ్చి అతని నోరు వాసన చూశారు. ఉల్లిపాయ వాసన వచ్చింది. మర్నాడు మళ్ళీ చూశారు. బెల్లం టీ వాసన వచ్చింది. మూడోసారి ఏ వాసనా రాలేదు. అంటే తెలివిగా తాగుతున్నాడన్నారు. పెద్దలకి ఒకసారి అనుమానం వస్తే అది ఏ వాసనకీ పోదు లెండి.

దిసారిని పిలిచారు. ఆ కొండల్లో పూజలు చేసేది ఆయనే. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు, కోడిని కోయించాడు. స్టీరింగ్ బిగుసుకుంటూనే ఉంది. కింద సంత ఊరి నుంచి పేరయ్య మేస్త్రీ వచ్చాడు. స్టీరింగ్ పెట్టె విప్పి, నూనె మార్చి, మరలు వదులు చేశాడు. స్టీరింగ్ బిగుసుకుంటూనే ఉంది. టైర్లకి గాలి ఎక్కువ కొట్టి చూశారు. స్టీరింగ్ బిగుసుకుంటూనే ఉంది. నొప్పి తెలిసేది చేతికి కదా, అందుకని అందరూ చేతికి దగ్గరున్నదే చూశారు. పేరయ్య మాత్రం ఏం చేస్తాడు పాపం.

మూడు ఊళ్ళకీ మాట చెప్పే పెద్దనాయుడు అందరినీ కూర్చోబెట్టి తేల్చేశాడు. "వచ్చే సంతకి తూకానికి అమ్మీద్దాం. ఈడి చేతిలో చచ్చేకంటే డోలీయే నయం. నేనైతే ఆ ముందు సీటు మరెక్కను."

డొంబురు తలొంచుకున్నాడు. సుక్రి కూతురి వైపు చూసింది. మంగ్లికి మళ్ళీ నెలలు నిండాయి.

మర్నాడు పొద్దున్నే సుక్రి జీపు దగ్గరికి వెళ్ళింది. డొంబురు చక్రాన్ని ఆనుకుని కూర్చున్నాడు.

"తమ్ముడా, నువ్వు తాగినావా?"

"లేదప్పా." వాళ్ళ వైపు అక్కని అప్పా అంటారు.

"మరి తప్పు ఏటిది?"

"తెల్దప్పా. అన్నీ కలిసే తిరుగుతాయి. ఏది బిగిసిందో చేతికి తెలీడం లేదు."

సుక్రి అతని పక్కన కూలబడింది. "నా తిరగలి బిగిస్తే నేనేటి సేస్తానో తెలుసా? పైరాయి తీసి పక్కన పెడతాను. అప్పుడు రాయిని సూస్తాను, నడిమి గూటాన్ని సూస్తాను. కలిసుంటే ఏదీ నిజం సెప్పదు. విడదీసి అడుగు."

డొంబురు లేచి జాకీ తెచ్చాడు. ముందు చక్రాలు నేల వదిలేలా జీపుని ఎత్తి, కింద రాళ్ళు పేర్చాడు. స్టీరింగ్ నుంచి చక్రాలకి వెళ్ళే కడ్డీ విప్పాడు. రెండు చక్రాలనీ కలిపే కడ్డీ కూడా విప్పాడు. ఇప్పుడు ఎవరికి వారే.

ముందు స్టీరింగ్‌ని అడిగాడు. ఒక్క వేలితో తిరిగింది. దాని తప్పు లేదు.

తన వైపు చక్రాన్ని అడిగాడు. ఇటు తోస్తే ఇటు, అటు తోస్తే అటు పోయింది. దాని తప్పూ లేదు.

సుక్రి ఇంటివైపుండే చక్రాన్ని అడిగాడు. అది కదల్లేదు. కాలు తన్నిపెట్టి లాగితే కీచుమని కొంచెం జరిగి ఆగిపోయింది.

చక్రం పక్కకి తిరగడానికి లోపల ఇనుప గూటం ఒకటి ఉంటుంది. డ్రైవర్లు కింగ్‌పిన్ అంటారు. డొంబురు అక్కడ విప్పాడు. గ్రీజు ఉండాల్సిన చోట ఎర్రటి తుప్పునీళ్ళు కారాయి. చుట్టూ ఉన్న ఇనుముకి, ఏళ్ళ తరబడి పేరుకున్న పసుపు.

ఇద్దరూ చూశారు.

డొంబురు భుజం మీది తుండు తీసి ఆ పసుపు తుడవడం మొదలుపెట్టాడు. గబగబా తుడిచాడు. ఆడదాని చెయ్యి మంచిది కాదని ఒక్క మాట పుడితే చాలు, ఇక ఆ తిరగలికి ఎవరూ చోళ్ళు తీసుకురారు. ఆ సంగతి అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు.

అప్పటికే జనం మూగారు. పెద్దనాయుడు ముందుకొచ్చి "ఏటైంది?" అన్నాడు.

"గ్రీజు ఎండిపోయింది నాయుడా" అన్నాడు డొంబురు. "నేనే పెట్టలేదు. తప్పు నాదే."

"తాగుబోతు ఎదవ" అని ఎవరో అన్నారు.

సుక్రి లేచి నిలబడింది. ఒప్పుకుంటే కూడు పోతుంది. ఊరుకుంటే, కూతుర్ని బతికించినవాడి పరువు పోతుంది. ఆమె డొంబురు చేతిలోంచి ఆ తుండు లాక్కుని అందరికీ చూపించింది.

"ఇది నా పసుపు. నా నీళ్ళే లోపలికి పోయి గూటం తుప్పు పట్టింది. ఈడి తప్పు కాదు. ఈడు తాగలేదు."

దిసారి నెమ్మదిగా "మంచి మనసుతో పోసిన నీళ్ళమ్మా అవి. కీడు సెయ్యవు" అన్నాడు.

"మనసు మంచిదే బాబూ. ఇనుముకి మనసేటి తెలుస్తాది? తడే తెలుస్తాది."

ఆమె ఇంటికి వెళ్ళి బుడ్డితో వలిసె గింజల నూనె తెచ్చింది. పుట్టబోయే మనవడికి ఒళ్ళు రుద్దడానికని దాచుకున్న నూనె. గూటానికి కిరసనాయిలు పట్టించి తుప్పు గోకారు. సుక్రి నూనె పోసి నానబెట్టారు. సాయంత్రానికి గూటం వదిలింది. డొంబురు దాని నిండా గ్రీజు కూరి, కడ్డీలు బిగించి, జీపుని నేలకి దించాడు.

రెండు రోజులకి మంగ్లికి నొప్పులొచ్చాయి. జీపు సుక్రి ఇంటి ముందు ఆగింది. సుక్రి చెయ్యి అలవాటుగా ముంత మీదికి పోయింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది. వట్టి చేతులతో చక్రాన్ని తాకి, వెనకాల కూతురి పక్కన ఎక్కింది. బయల్దేరబోతుంటే పెద్దనాయుడు వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

మొదటి మెలిక. డొంబురు తిప్పి, చెయ్యి వదిలాడు.

"స్టీరింగ్ మధ్యకి వచ్చిందా తమ్ముడా?" అని వెనకనించి సుక్రి.

"వచ్చిందప్పా."

రెండో మెలిక, ఆమె తల్లి పోయిన చోటు. సుక్రి కళ్ళు మూసుకుని "వచ్చిందా?" అంది.

"వచ్చిందప్పా."

మూడో మెలికలో ఆమె అడక్కముందే పెద్దనాయుడు వెనక్కి తిరిగి "వచ్చిందమ్మా" అన్నాడు.

మగపిల్లాడు పుట్టాడు. సుక్రి తిరగలికి చోళ్ళు రావడం మానలేదు సరికదా, పక్క కొండ నుంచి కూడా తెచ్చేవాళ్ళు. చాలా ఏళ్ళు బతికి, ఒక చలికాలం పొద్దున తిరగలి దగ్గరే వాలిపోయింది. కర్మకి అన్ని ఊళ్ళూ వచ్చాయి. డొంబురు ముసలివాడైపోయాడు అప్పటికి. ఏం చెయ్యాలో తోచక, బుడ్డి తీసి ఆమె తిరగలి గూటానికి వలిసె నూనె రాశాడు. రాస్తూ పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. తిరగలి ఉంది. ఆ కొండల్లో ఈనాటికీ ఎవరూ బండి చక్రానికి నీళ్ళు పొయ్యరు. పండగ రోజు బొట్టు పెట్టి, తిరిగే చోట నూనె రాస్తారు. ఎవరి మీదైనా నింద పడితే "విడదీసి అడిగారా?" అంటారు. దిగే ప్రతి జీపూ తిరగలి దగ్గర ఆగుతుంది. మొదటి మెలికలో డ్రైవరు చెయ్యి వదిలి "వచ్చిందా?" అని అడుగుతాడు. ముందు సీట్లో ఉన్నవాళ్ళు జవాబు చెప్పాలి.

అదీ సంగతి. కథ కొండ దిగింది, ఇక మనం దిగాలి. ఎక్కండి. ముందు సీట్లో కూర్చున్నావే, నిన్నే, నేనడిగినప్పుడు స్టీరింగ్ చూసి జవాబు చెప్పు. వస్తేనే వచ్చిందను. నాకు కోపం వస్తుందని మొహమాటపడకు. రాకపోతే రాలేదని చెప్పు. సుక్రి ఉన్నది ఉన్నట్టు చెప్పింది కదా.