అసిరి పట్టుకున్న నిట్టాడు

ఏరా పిల్లలూ, ఇల్లు దేని మీద నిలబడుతుందో చెప్పండి చూద్దాం?

గోడల మీదా? అందరూ అదే చెబుతారు. ఇప్పటి ఇళ్ళు చూసి చెబుతారు. నేను అడుగుతున్నది కర్ర ఇంటి సంగతి. దానికి గోడ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. చలికీ కుక్కలకీ అడ్డం, అంతే.

సరిగ్గా వినండి, మధ్యలో అడుగుతాను. ఇంటి నడిమధ్య గొయ్యి తీసి పాతే పొడుగాటి గుంజ పేరు నిట్టాడు. దాని నెత్తిన అడ్డంగా పడుకునేది దూలం. దూలం మీంచి రెండు పక్కలకీ జారేవి వాసాలు. వాసాల మీద తాటాకు. ఆ వాసాల కొనలు మోయడానికి చుట్టూ పొట్టి గుంజలు. ఇప్పుడు చెప్పు మేఘా, నిట్టాడు కదిలితే ఏమవుతుంది?

ఆఁ. దూలం కదులుతుంది. దూలం కదిలితే వాసాలు. వాసాలు కదిలితే ఇంక ఇల్లు లేదు. బాగా చెప్పావు. ఇంక కథ.

అనగా అనగా, ఇటుక అనే మాట ఎవరూ ఎరగని రోజుల్లో, సముద్రం హోరు వినపడేంత దూరంలో ఒక పల్లె. ఆ పల్లెలో అసిరి అని ఒక మనిషి. తల్లీ తండ్రీ ముందే పోయారు. పెళ్ళైన కొత్తలోనే మొగుడు చేపల వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి ఆమె నుదుటి కుంకుమ తుడిచారు. కాళ్ళ పసుపు కడిగారు. చేతి గాజులు పగలగొట్టారు. ఆమెకి మిగిలింది ఒక్క తమ్ముడు, పైడయ్య. ఇంకా మాటలు కూడా రాని పసివాడు.

వాణ్ణి చంకన వేసుకుని అసిరి దిమ్మిస పట్టింది. దిమ్మిస అంటే మట్టిని దిట్టంగా కొట్టే మొద్దు, పైన పిడి ఉంటుంది. ఎవరిల్లు కట్టినా గుంజల గోతులు పూడ్చే పని ఆమెదే. ఒక వరస రాయి, ఒక వరస మట్టి, ఆపైన దిమ్మిస. మళ్ళీ రాయి, మళ్ళీ మట్టి, మళ్ళీ దిమ్మిస. కొడుతూ గుంజతో మాట్లాడేది.

“కుదురుకోయే గుంజా, కదలకే గుంజా, కిందున్నోళ్ళని కాయే గుంజా.”

అయితే ఒక చిక్కు ఉంది. చుట్టూ ఉండే గుంజలు ఎవరు కొట్టినా ఫరవాలేదు. నిట్టాడిని మాత్రం మొగుడు పోయిన ఆడది తాకకూడదని ఆ ఊరి ఆచారం. ముహూర్తానికి ముత్తైదువులు వచ్చి తలో గుప్పెడు మట్టి పోస్తారు. తలో పోటు వేస్తారు. గట్టిగా వెయ్యరు, గాజులు చిట్లుతాయని భయం. తరవాత గుంజ మొదట్లో పేడతో అలికి ముగ్గు పెడతారు. ఆ ముగ్గు తొక్కకూడదు.

మరి ఆ ఇళ్ళన్నీ ఎలా నిలిచాయి? అడగరేం?

ముహూర్తం అయ్యాక అందరూ భోజనాలకి కూర్చునేవారు. అప్పుడు అసిరి పెరటి దారిన వచ్చేది. ముగ్గు చెరిపి, పైమట్టి తవ్వి, రాయి వేసి, దిమ్మిస వేసి, మళ్ళీ అలికి, మళ్ళీ అదే ముగ్గు పెట్టి వెళ్ళిపోయేది. ఆ చప్పుడు విస్తళ్ళ దగ్గరికి వినపడేది. ఎవరూ తలెత్తేవారు కాదు. “ఇంకొంచెం పులుసు పొయ్యండి” అనేవారు.

అలా ఊరంతా ఆమె చేతి మీద నిలబడింది. ఆమె మాత్రం ఏ ఇంటి కప్పు కిందా కూర్చుని అన్నం తినలేదు.

పైడయ్య పెద్దవాడయ్యాడు. రెక్కలు ముక్కలు చేసుకుని అక్క పెంచింది కదా, ఒడ్డూ పొడుగూ బాగా ఎదిగాడు. పెద్ద ఊరి పిల్లని చేసుకున్నాడు. పేరు కనకాలు. ఆడపిల్ల పుట్టింది. అత్తవారి ముందు తక్కువ కాకూడదని ఊళ్ళో అందరికంటే ఎత్తైన ఇల్లు మొదలుపెట్టాడు. తెచ్చిన దూలం చూసి వడ్రంగి ఈరన్న ముక్కు మీద వేలేసుకున్నాడు.

ముహూర్తానికి ముందు అసిరి వచ్చి అడిగింది.

“ఒరే పైడీ, దూలం బరువురా. నిట్టాడు గొయ్యి నాను కొడతాను.”

“ఇప్పుడొద్దప్పా. అత్తోరోళ్ళు చూస్తారు.”

అప్ప అంటే అటువైపు అక్క. సరేనంది. ముహూర్తం అయింది. ముత్తైదువులు మట్టి పోశారు, మెత్తగా పొడిచారు, ముగ్గు పెట్టారు. అందరూ భోజనాలకి లేచారు. అసిరి దిమ్మిస తీసుకుని, అలవాటు చొప్పున, పెరటి దారిన వచ్చింది. పెరటి గుమ్మంలో తమ్ముడు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

“ఊరందరిళ్ళలో కొట్టాను కదరా. ఎవులూ ఏటీ అనలేదు.”

“ఆళ్ళిళ్ళు ఆళ్ళిష్టం. నా ఇంట్లో వద్దు.”

ఈరన్న చెయ్యి కడుక్కుంటూ అన్నాడు, “పూజ మట్టి పూజకేరా పైడీ, గాలికి కాదు. అప్పని రానీ.”

“నీ పని కర్ర చెక్కడం. చెక్కీసినావు కదా?” అన్నాడు పైడయ్య.

అసిరి దిమ్మిస భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. నా ఇంట్లో అన్నాడే, మన ఇంట్లో అనలేదే అని దారి పొడుగునా అనుకుంది.

వానలు దగ్గర పడ్డాయి. మూడోసారి వచ్చింది. ఈసారి కనకాలు ఎదురొచ్చింది.

“వదినా, ఆ దిమ్మిసని మా గుమ్మం దాటించకు. ఇంట్లో పసిపిల్లుంది.”

“ఆ పిల్ల కోసమేనే నా బాధ.”

“మొగుణ్ణి నిలుపుకోలేనిదానివి, గుంజనేటి నిలుపుతావు?”

అసిరి దిమ్మిస ఎత్తుకుని వెనక్కి తిరిగింది. అలాంటి మాట మీరు ఎవరినీ అనకండి పిల్లలూ.

కార్తీకంలో తుఫాను వచ్చింది. మిట్టమధ్యాహ్నమే దీపాలు పెట్టుకోవలసినంత చీకటి. తాటిచెట్లు విల్లులా వంగాయి. చిన్న ఇళ్ళ వాళ్ళు భయపడి ఎత్తైన ఇంటికి పరుగెత్తారు. పైడయ్య ఇల్లు జనంతో నిండిపోయింది. అసిరి కూడా వచ్చింది. లోపలికి రాలేదు. చూరు కింద తడుస్తూ నిలబడింది. ఎవరూ రమ్మనలేదు.

కాసేపటికి నిట్టాడు మొదట్లో ముగ్గు పగిలింది. నీళ్ళు దిగిన మట్టి జావలా పొంగింది. గుంజ పక్కకి ఒరిగింది. పైన దూలం కిర్రుమంది. వాసాలు చిటచిటలాడాయి. జనం అరిచారు గానీ కదల్లేదు.

అసిరి గుమ్మం దాటింది. అప్పుడెవరూ తాకొద్దనలేదు.

మట్టి చూసింది. దిమ్మిస పనికిరాదని తెలిసిపోయింది. బురదని ఎంత కొట్టినా బురదే. పక్కనే నేలలో పాతిన రుబ్బురోలు ఉంది. ఒరుగుతున్న గుంజకి వీపు ఆనించి, రెండు కాళ్ళూ రోలుకి తన్ని పెట్టింది.

“ఇసుక దిబ్బ వెనక పల్లం ఉంది. మొగలి పొదలున్నాయి. అక్కడికి పోండి,” అని అరిచింది.

ముందు ముసలివాళ్ళు వెళ్ళారు. తరవాత తల్లులు వెళ్ళారు. అప్పుడు మిగతావాళ్ళు వెళ్ళారు. చివరికి కనకాలు, పైడయ్య, పిల్ల మిగిలారు. కనకాలు వదిన వైపు చూసింది. ఏదో అనబోయింది. గాలికి వినపడలేదు.

“అప్పా, పట్టుకో! ఒగ్గీకు!” అన్నాడు పైడయ్య. “పిల్లని దింపి ఇప్పుడే వస్తాను.”

“నానొగ్గనురా. పిల్ల తల కప్పు.”

అంతే, ఆమె ఆఖరి మాట అదే.

పైడయ్య పల్లంలోకి వెళ్ళాడు. పిల్లని దింపాడు. వెనక్కి చూశాడు. వస్తానన్నవాడు రాలేదు. గాలి రానివ్వలేదని తరవాత ఊరందరికీ చెప్పాడు. రానివ్వలేదేమో. ఈరన్న మాత్రం వెళ్ళబోయాడని, ఇద్దరు పట్టి ఆపారని చెప్పుకుంటారు.

గాలి తగ్గాక వచ్చి చూశారు. తాటాకు లేదు. వాసాలు చెల్లాచెదురు. దూలం నేల మీద పడి ఉంది. నిట్టాడు ఒక్కటీ నిలబడి ఉంది. దానికి వీపు ఆనించి అసిరి ఉంది. కాళ్ళు ఇంకా రోలుకి తన్నే ఉన్నాయి.

పైడయ్య ఏడ్చాడా అంటావా? ఏడ్చాడు. చాలా ఏడ్చాడు. కొత్త ఇల్లు కట్టాడు. అదే గుంజని నిట్టాడిగా పాతాడు. ఆ గుంజకి కనకాలు తన చేత్తో పసుపు పూసింది. కుంకుమ పెట్టింది. గాజులు కట్టింది.

అసిరి బతికుండగా ఏవి తుడిచేశారో, ఏవి కడిగేశారో, ఏవి పగలగొట్టారో, అవన్నీ కర్రకి ఇచ్చారు.

ఇప్పటికీ అటువైపు కర్ర ఇల్లు కడితే నిట్టాడికి గాజులు కడతారు. ఈదురుగాలి వీస్తే ఇంటివాడు లేచి దాని మీద చెయ్యి వేసి “అప్పా, పట్టుకో” అంటాడు. వస్తానని మాత్రం అనడు. ఆ మాట అక్కడ అనకూడదు.

మొగుడు పోయినవాళ్ళని నిట్టాడి దగ్గరికి రానిస్తున్నారా అని కదూ నీ అనుమానం? లేదురా. గాజులు కట్టేటప్పుడు వాళ్ళని ఇప్పటికీ పెరట్లోనే ఉండమంటారు.

అలా చూడకండి నావైపు. నేను పెట్టిన ఆచారమా ఇది?

లేవండి, చాప మడవండి. చింతపండు సగమే గింజలు తీశాను. మబ్బు పడుతోంది, మెత్తబడితే ఇంక గింజ రాదు. నేను వెళ్ళాలి.