మూత కింద కొర్రమీను

సత్యవేణి బాధ చేపల గురించి. దర్గాలో ఉండే బడేసాహెబు తాత దగ్గరికొచ్చి చెప్పుకున్న బాధ మాత్రం అదే.

హాల్లో గోడ పొడుగునా అద్దాల తొట్టి కట్టించింది. ఆకివీడులో అంత తొట్టి ఇంకెవరింట్లోనూ లేదు. విదేశీ రంగు చేపలు తెస్తానన్న కొట్టువాణ్ణి గుమ్మంలోంచే పంపేసింది.

"పరాయి జాతి నా గడప తొక్కకూడదు. మన కొల్లేట్లో పుట్టినవే పెంచుతా."

ఆ మాట చేపల గురించే కాదని వీధిలో అందరికీ తెలుసు. పెద్ద కూతురు నీలిమ వేరే కులం పిల్లవాణ్ణి పెళ్ళాడి వెళ్ళిపోయింది. బతికున్న పిల్లకి తలస్నానం చేసి మరీ నీళ్ళొదిలేసింది సత్యవేణి.

మొదట వేలెడంత పరిగెలు వేసింది. తర్వాత శీలావతులు. దర్జాగా ఉంటుందని కొర్రమీనుల జంట. ఇంకేముంది, వారం తిరక్కుండా పరిగెల జాడ లేదు. శీలావతులకి తోకలు సగమే మిగిలాయి, ఆనక అవీ పోయాయి.

"మనవాటిని మనవే తినేశాయి తాతా," అంది ఆయన ముందు చతికిలబడి.

"పరాయివి తింటే నువ్వూరుకుంటావా మరి?" అన్నాడు తాత.

చుట్టూ కూచున్నవాళ్ళు కిసుక్కుమన్నారు. సత్యవేణికి ఒళ్ళు మండింది. ఏటా దర్గాలో గంధం ఉత్సవం రోజున తన చేతి వంటే తింటాడాయన. తన శిష్యరికానికి ఇదా మర్యాద?

"నవ్వులాట కాదు. మిగిలిన రెండిట్లో ఒకటి బయటికెగిరి సోఫా కింద పడి చచ్చింది. రెండోదాన్నైనా దక్కించుకోవాలి. దానికి జోడుగా మన చేపల్లో ఏది వెయ్యమంటారు? మీరేది చెబితే అదే వేస్తా."

"చూడందే ఎట్టా చెప్పేది? పద."

తొట్టి అంచుదాకా నిండుగా ఉంది. నీళ్ళకి ఆనుకునేలా మందపాటి గాజు పలక మూత. దాని మీద రుబ్బురోలు పొత్రం.

"ఇక ఎగరమనండి చూద్దాం!" అంది సత్యవేణి.

కొర్రమీను పైకొచ్చి మూతిని గాజుకేసి కొట్టింది. కిందికి పోయింది. మళ్ళీ వచ్చి కొట్టింది.

"చూశారా ఎంత హుషారో. పొద్దుట్నించీ ఇదే ఆట."

చిన్న కూతురు పూర్ణిమ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. "చదువెందాకా వచ్చిందే?" అనడిగాడు తాత. ఆ పిల్ల తల్లి వైపు చూసింది.

"విశాఖలో నర్సింగు సీటొచ్చింది. నేనే వద్దన్నా," అంది సత్యవేణి. "చేరడానికి ఇంకా గడువుందంట, రోజూ ఏడుపు. ఇంట్లో ఏం తక్కువని? గదిలో ఏసీ కూడా పెట్టించా. ఒకత్తెని బయటికి పంపి చూశాగా!"

తాత చూపు తొట్టి మీదే ఉంది.

కొర్రమీను కొట్టడం మానేసింది. ఒక పక్కకి ఒరిగి, మెల్లగా అడుక్కి జారిపోతోంది.

"అయ్యో, ఏమైంది దీనికి? నిన్ననే నీళ్ళు మార్చా!"

తాత లేచాడు. పొత్రం రెండు చేతులా ఎత్తి నేల మీద పెట్టాడు. గాజు పలక తీసి ఆమె చేతికిచ్చాడు. చొక్కా చెయ్యి తడుస్తున్నా లెక్కచెయ్యక, భుజందాకా నీళ్ళలో ముంచి చేపని కింద నుంచి పట్టుకున్నాడు. దాని మూతి నీటిపైకి వచ్చేలా ఎత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఎంతసేపటికో నోరు తెరిచింది. గుటకేసినట్టు గాలి మింగింది. ఇంకోసారి. తర్వాత ఆయన అరచేతిలోంచి జారి, తనంతట తానే పైకొచ్చి మింగి, కిందికెళ్ళింది.

కొర్రమీను నడుమనడుమ పైకొచ్చి గాలి మింగకపోతే బతకదని కొల్లేటి దగ్గర చిన్నపిల్లకి కూడా తెలుసు. సత్యవేణికీ తెలుసు. ఎగిరిపోయినదాని మీద కోపంలో మర్చిపోయింది.

"తడి గోనెలో చుట్టి సంతకి తెచ్చినా బతికుండే చేప," అన్నాడు తాత. "నీ ఇంట్లో నీళ్ళలో మునిగి చావబోయింది."

"మూత తీస్తే ఎగిరిపోతుంది కదా తాతా!"

"పోవచ్చు."

"పోతే చచ్చిపోతుంది. ఆ రెండోది చావలా?"

"ఆ చచ్చింది చేప, వేణమ్మా. నీలిమ కాదు."

తాత తడి చెయ్యి తువ్వాలుతో తుడుచుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. జోడుగా ఏ చేప వెయ్యాలో చెప్పనేలేదు.

సత్యవేణి గాజు పలక పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. పలక అంచునుంచి నీళ్ళు ఆమె పాదాల మీద కారుతున్నాయి. పూర్ణిమ గుడ్డ తెచ్చి నేల తుడవబోయింది.

"వెళ్తే మళ్ళీ వస్తావా?" అని అడిగింది సత్యవేణి.

వస్తానంటే సరిపోయేది. ఆ పిల్ల గుడ్డ పక్కన పెట్టి తల్లి మొహంలోకి చూసింది.

"తెలీదమ్మా."

సత్యవేణి తల పక్కకి తిప్పుకుంది.

"బట్టలు సర్దుకో," అంది.